బోర్డ్ గేమ్‌కి బొమ్మలు గీస్తున్నారా? సంతకానికి ముందు ఇవి తేల్చుకోండి

ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఆర్ట్‌స్టేషన్‌లోనో మీ బొమ్మలు చూసి ఎవరో మెసేజ్ పెడతారు. "మేం ఒక కార్డ్ గేమ్ చేస్తున్నాం, 40 బొమ్మలు కావాలి, కార్డుకి ఎంత తీసుకుంటారు?" చాలామంది అక్కడికక్కడే ఒక అంకె చెప్పేస్తారు. ఆ బొమ్మతో వాళ్ళు ఏమేం చేయబోతున్నారో తెలియకుండా చెప్పిన ఏ అంకె అయినా గుడ్డి లెక్కే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని బయటి పబ్లిషర్లకి, లేదా ఇక్కడి చిన్న కంపెనీలకి బోర్డ్ గేములు, కార్డ్ గేములు, రోల్ ప్లేయింగ్ (పాత్రలుగా మారి కథ ఆడుకునే ఆటల) పుస్తకాల కోసం ఫ్రీలాన్స్‌గా గీసే తెలుగు ఆర్టిస్టులకి ఇది పనికొస్తుంది. పెద్ద మొత్తం చేతులు మారే పని అయితే కాంట్రాక్ట్‌ని లాయర్‌కి కూడా చూపించండి. వాళ్ళ ఫీజు దండగ అనుకోవద్దు.

1. ధర చెప్పకముందు అడగాల్సినవి

మొదటి జవాబులో అంకె పెట్టకండి, ప్రశ్నలు పెట్టండి. బొమ్మలు ఎన్ని, ఏ సైజు? కార్డు మీదకా, బోర్డు మీదకా, బాక్స్ కవర్‌కా? ఎన్ని కాపీలు ముద్రిస్తారు? కిక్‌స్టార్టర్‌లో (కొనబోయేవాళ్ళ నుంచి ముందే డబ్బు సేకరించే సైట్‌లో) పెడుతున్నారా, పెడితే ప్రచారానికి ముందే బొమ్మలు కావాలా? ఫోన్ యాప్, టీషర్టులు, ప్లేమ్యాట్లు (ఆడేటప్పుడు కింద పరిచేవి), చిన్న విగ్రహాలు చేసే ఆలోచన ఉందా? బొమ్మ ఓకే చేసేది ఒక్కరేనా, నలుగురా? ఈ చివరిది చాలామంది మర్చిపోతారు. నలుగురు ఓకే చేయాల్సిన చోట దిద్దుబాట్లకి అంతుండదు.

"బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" అని కూడా అడిగేయండి. మొహమాటం వద్దు. బడ్జెట్ చెప్పడానికి ఇష్టపడని పబ్లిషర్ తర్వాత చెల్లింపుల దగ్గరా అలాగే ఉంటాడని నా అభిప్రాయం.

"ముందు ఒక కార్డు ఉచితంగా గీసి చూపించండి, నచ్చితే మిగతావి ఇస్తాం" అంటే వద్దనండి. మీ స్టైల్ చూడ్డానికి పోర్ట్‌ఫోలియో ఉంది. పరీక్ష కావాలంటే డబ్బిచ్చి పెట్టమనండి.

2. మీ కనీస ధర మీరే లెక్కగట్టండి

పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి ధర చెప్తే, వాడు తప్పులో ఉంటే మీరూ తప్పులోనే ఉంటారు. మీ లెక్క మీ ఇంటి దగ్గర మొదలవ్వాలి.

ఉదాహరణకి ఇల్లు, ట్యాబ్ ఈఎంఐ, సాఫ్ట్‌వేర్, ఇన్సూరెన్స్, పన్ను, కొంత పొదుపు అన్నీ కలిపి నెలకి 50,000 కావాలనుకుందాం. నెలలో నిజంగా బిల్లు వేయగలిగే రోజులు 14 అనుకోండి. మిగతా రోజులు మెయిళ్ళకీ, పని వెతుక్కోడానికీ, పండగలకీ, జ్వరాలకీ పోతాయి. అంటే రోజుకి సుమారు 3,600. కార్డు బొమ్మకి స్కెచ్ అర రోజు, రంగులు రెండు రోజులు, దిద్దుబాట్లు అర రోజు పడితే మొత్తం మూడు రోజులు, 10,800 రూపాయలు. ఇంతకన్నా కిందికి దిగితే సొంత డబ్బు పెట్టి వాళ్ళ గేమ్ చేస్తున్నట్టే.

ఈ లెక్కలో ఇంకో సంగతి బయటపడుతుంది. 40 కార్డులంటే 120 రోజుల పని. నెలకి 14 రోజుల చొప్పున ఎనిమిదిన్నర నెలలు. పబ్లిషర్ మూడు నెలల్లో కావాలంటే ధర ఎంతిచ్చినా అది జరిగే పని కాదని మొదటి రోజే తెలిసిపోతుంది.

"40 ఇస్తున్నాం కదా, తగ్గించండి" అంటారు. నలభయ్యో బొమ్మకీ మొదటిదానికి పట్టినంత టైమే పడుతుంది. ఒకే బొమ్మకి రంగులు మార్చి నాలుగు రకాలు చేయాల్సి వస్తే అప్పుడు తగ్గించొచ్చు. బాక్స్ కవర్‌కి మాత్రం వేరే ధర ఉండాలి, ఎందుకంటే షాపులో గేమ్‌ని అమ్మేది అదే. కార్డు ఫ్రేములు, ఐకాన్లు, రూల్ బుక్ లేఅవుట్ గ్రాఫిక్ డిజైన్ కిందికి వస్తాయి. ఆ పని కూడా మీ మీద పడుతుంటే దానికి విడిగా బిల్లు వేయండి.

3. హక్కులు: అమ్ముతున్నారా, కౌలుకిస్తున్నారా?

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. పొలం రిజిస్ట్రేషన్ చేసిచ్చిన ధరా, మూడేళ్ళ కౌలు ధరా ఒకటి కావు కదా. బొమ్మ హక్కులూ అంతే. అసైన్‌మెంట్ అంటే అమ్మకం. లైసెన్స్ అంటే కౌలు. పైన వేసిన 10,800 కౌలు ధర అనుకోండి. మొత్తం హక్కులు రాసిమ్మంటే నా లెక్కలో దానికి రెట్టింపు దగ్గర బేరం మొదలవ్వాలి.

మన దేశంలో ఒక చిక్కుంది, ముందు అది తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకి మొదటి యజమాని గీసినవాళ్ళే. కానీ సెక్షన్ 17లోని (బి) క్లాజ్ దీనికి ఒక మినహాయింపు పెట్టింది: ఎవరైనా డబ్బిచ్చి చెప్పి గీయించుకున్న పెయింటింగ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, గీయించుకున్నవాళ్ళే మొదటి యజమాని. డిజిటల్ బొమ్మ పెయింటింగ్ కిందికి వస్తుందా, డ్రాయింగ్ కిందికి వస్తుందా అని వాదించుకోవచ్చు. ఆ వాదన కోర్టులో కన్నా కాగితం మీద తేల్చుకోవడం చవక. "కాపీరైట్ ఆర్టిస్టుదే, పబ్లిషర్‌కి కింద రాసిన లైసెన్స్ మాత్రమే ఇస్తున్నాం" అని రాసుకుంటే ఆ చిక్కు ఉండదు. ఇక్కడి పబ్లిషర్‌తో నోటిమాట మీదో వాట్సాప్‌లో ఒక "ఓకే" మీదో పని మొదలుపెడితే నష్టపోయేది మీరే.

అదే చట్టం మీకు సాయంగా కూడా ఉంటుంది. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళే అనుకుంటారు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అనుకుంటారు. తీసుకున్న హక్కుల్ని ఏడాదిలోగా వాడకపోతే, కాంట్రాక్ట్‌లో వేరేగా లేనంతవరకు, ఆ హక్కులు రద్దవుతాయి. 2012 సవరణ తర్వాత, బదిలీ నాటికి వాడుకలో లేని మాధ్యమాలకి, వాటిని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ బదిలీ వర్తించదు. కాబట్టి "ఇప్పుడున్న, ఇకపై రాబోయే సమస్త మాధ్యమాల్లో" అన్న వాక్యం చూడగానే భయపడిపోకండి, అలాగని వదిలేయకండి కూడా. అందులోంచి "ఇకపై రాబోయే" కొట్టేయమని అడగండి.

ఇవన్నీ ఒప్పందానికి భారత చట్టం వర్తించినప్పుడు. అమెరికన్ పబ్లిషర్ పంపే కాంట్రాక్ట్ చివర్లో వాళ్ళ రాష్ట్ర చట్టమే వర్తిస్తుందని రాసుంటుంది. అక్కడ "వర్క్ మేడ్ ఫర్ హైర్" అన్న మాట వెతకండి. అది ఉంటే చట్టం దృష్టిలో బొమ్మకి మొదటి నుంచీ కర్త కంపెనీయే, మీరు కాదు. ఫ్రీలాన్సర్ల విషయంలో అమెరికా చట్టం దీన్ని తొమ్మిది రకాల పనులకే, అదీ ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఉంటేనే ఒప్పుకుంటుంది. ఆ తొమ్మిదిలో బోర్డ్ గేమ్ పేరు లేదు. అందుకే వాళ్ళ లాయర్లు "ఒకవేళ వర్క్ ఫర్ హైర్ కాకపోతే సర్వహక్కులూ బదిలీ అవుతాయి" అని ఇంకో వాక్యం తగిలిస్తారు. రెండింటికీ తేడా ఉంది. బదిలీ చేసిన హక్కుల్ని 35 ఏళ్ళ తర్వాత వెనక్కి తీసుకునే వీలు అమెరికా చట్టంలో ఉంది. వర్క్ ఫర్ హైర్‌కి అది లేదు. సర్వహక్కులూ ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, కనీసం వర్క్ ఫర్ హైర్ తీసేసి బదిలీగా రాయమనండి.

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (రోల్ ప్లేయింగ్ గేమ్), మ్యాజిక్: ది గ్యాదరింగ్ (కార్డ్ గేమ్) లాంటి పెద్ద బ్రాండ్లు పాత్రలన్నీ తమవే కాబట్టి హక్కులన్నీ అడుగుతాయి. అక్కడ బేరం పెద్దగా సాగదు. కానీ రెండు వేల కాపీలు ముద్రించే చిన్న పబ్లిషర్‌కి సర్వహక్కులతో నిజానికి పని లేదు. ఎక్కడో దొరికిన కాంట్రాక్ట్ కాపీ కొట్టి పంపుతాడంతే. అతనికి ఇలా రాసి పంపండి: ఈ గేమ్‌కీ దాని ఎక్స్‌పాన్షన్లకీ (తర్వాత వచ్చే అదనపు భాగాలకీ), ప్రింట్‌లోనూ డిజిటల్ రూపంలోనూ, ప్రపంచమంతటా, టేబుల్‌టాప్ (బల్ల మీద ఆడే) గేముల వరకు ఎక్స్‌క్లూజివ్‌గా, ఏడేళ్ళకి లైసెన్స్. ప్రచారానికి వాడుకోవచ్చు. టీషర్టులు, ప్లేమ్యాట్లు, విగ్రహాలు, వీడియో గేములకి విడిగా మాట్లాడుకుందాం. రెండు సంవత్సరాల్లో గేమ్ రాకపోతే హక్కులు నాకే తిరిగొస్తాయి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి కావాల్సిందంతా ఇందులో ఉంది.

కాగితం మీద రంగులతో గీస్తే ఒరిజినల్ మీ దగ్గరే ఉంటుందని ఒక వాక్యం రాయించుకోండి. మ్యాజిక్ ఆర్టిస్టుల్లో కొందరికి ఒరిజినల్ పెయింటింగ్ అమ్మకం మీద వచ్చే ఆదాయం కార్డు ఫీజుని మించిపోతుంది. మ్యాజిక్‌లో 1993 నాటి బ్లాక్ లోటస్ కార్డు ఒకటి 2021 జనవరిలో వేలంలో 5,11,100 డాలర్లకి పోయింది. దాని ప్లాస్టిక్ కేస్ మీద బొమ్మ గీసిన క్రిస్టఫర్ రష్ సంతకం ఉంది. ఆయన 2016లోనే పోయారు. కార్డు మళ్ళీ మళ్ళీ అమ్ముడైతే ఆర్టిస్టుకి ఏమీ రాదు. ఒరిజినల్ బొమ్మ, ప్రింట్లు, సంతకం, ఇవే ఆర్టిస్టు చేతిలో మిగిలేవి. అందుకే ప్రింట్లు అమ్ముకునే హక్కునీ, పోర్ట్‌ఫోలియోలో చూపించే హక్కునీ సర్వహక్కుల కాంట్రాక్ట్‌లో కూడా అడిగి తీసుకోండి.

చిన్న విగ్రహాలు చెక్కేవాళ్ళకి ఒక హెచ్చరిక. డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ని రిజిస్టర్ చేయకుండా, యంత్రాల మీద 50కి మించి కాపీలు తీస్తే దాని మీద కాపీరైట్ పోతుందని మన చట్టం సెక్షన్ 15 చెప్తోంది. మీ విగ్రహం దాని కిందికి వస్తుందో లేదో లాయర్‌ని అడిగాకే ఫైల్ పంపండి.

4. పేరు ఎక్కడ పడుతుందో రాయించుకోండి

ఒకప్పుడు జర్మనీలో కూడా గేమ్ కనిపెట్టినవాళ్ళ పేరు డబ్బా మీద వేసేవారు కాదు. 1988లో న్యూరెంబర్గ్ ఆటవస్తువుల ప్రదర్శన (టాయ్ ఫెయిర్) సమయంలో కొంతమంది డిజైనర్లు బీరు గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద ఒక మాట రాసి సంతకాలు చేశారు: పేరు డబ్బా మీద లేకపోతే మాలో ఎవరూ పబ్లిషర్‌కి గేమ్ ఇవ్వం అని. ఇప్పుడు డిజైనర్ పేరు కవర్ మీద చూడ్డం మనకి మామూలైపోయింది. ఆర్టిస్టుల పేరు మాత్రం ఇప్పటికీ కొన్ని గేముల్లో రూల్ బుక్ చివరి పేజీలో సన్నటి అక్షరాల్లోనే ఉంటుంది. మ్యాజిక్ మాత్రం మొదటి సెట్ నుంచే ప్రతి కార్డు కింద ఆర్టిస్టు పేరు వేస్తోంది. చిన్న కార్డు మీద చోటు లేదని చెప్పేవాళ్ళకి అదే చూపించండి.

కాంట్రాక్ట్‌లో "తగిన క్రెడిట్ ఇస్తాం" అని ఉంటే చాలదు. బాక్స్ వెనకా, రూల్ బుక్‌లో, కిక్‌స్టార్టర్ పేజీలో, బోర్డ్‌గేమ్‌గీక్ (బోర్డ్ గేముల వివరాలుండే వెబ్‌సైట్) ఎంట్రీలో, మీరు ఇచ్చిన స్పెల్లింగ్‌తో అని రాయించండి. మన పేర్లకి ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో వాళ్ళకి తెలీదు.

కాపీరైట్ అమ్మేసినా మన చట్టం సెక్షన్ 57 ప్రకారం మీ పేరు మీద హక్కూ, మీ పరువుకి భంగం కలిగేలా బొమ్మని వికృతం చేస్తే అడ్డుకునే హక్కూ మీకే ఉంటాయి. విజ్ఞాన్ భవన్ కోసం అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీసి పాడుచేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని తిరిగిచ్చేయమని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. అమెరికాలో ఇలాంటి రక్షణ వాణిజ్య ఇలస్ట్రేషన్లకి దాదాపు లేదు. అక్కడ మీకున్నది కాంట్రాక్ట్‌లో రాయించుకున్నదే.

5. డబ్బు ఎప్పుడు, ఎలా

సగం ముందు, సగం ఫైనల్ ఫైల్ పంపేటప్పుడు. పని పెద్దదైతే మూడు భాగాలు: సంతకానికి, స్కెచ్‌లు ఓకే అయ్యాక, చివరికి. "ప్రచురణ తర్వాత చెల్లింపు" అన్న మాట ఉంటే ఒప్పుకోకండి. గేమ్ ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. 2025 జనవరిలో అమెరికాలో పెద్ద పంపిణీ సంస్థ డైమండ్ దివాలా రక్షణ కోరింది. దానికి అనుబంధంగా ఉన్న అలయన్స్ గేమ్ పంపిణీదారుతో వ్యాపారం చేసే పబ్లిషర్లకి టెన్షన్ పట్టుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా దిగుమతి సుంకాల దెబ్బకి స్పిరిట్ ఐలాండ్ అనే బోర్డ్ గేమ్ తెచ్చిన గ్రేటర్ దాన్ గేమ్స్ ఉద్యోగుల్ని తీసేసింది. వాళ్ళ కష్టం నిజమే. అయితే అక్కడి సరుకు ఆలస్యమైనందుకు మీ ఇంటి అద్దె ఆగదు కదా.

బలమైన వాక్యం ఒకటుంది: "పూర్తి చెల్లింపు అందిన తర్వాతే హక్కులు పబ్లిషర్‌కి వెళ్తాయి." కాంట్రాక్ట్‌లో ఒక్క మార్పే అడగగలిగితే ఇదే అడగండి.

స్కెచ్‌కి రెండు దిద్దుబాట్లు, రంగులకి ఒకటి. ఆపైన గంటల లెక్కన. పని మధ్యలో ఆపేస్తే అప్పటిదాకా చేసినదానికి డబ్బు, ఆ బొమ్మ హక్కులు మీకే. కిక్‌స్టార్టర్ బాగా ఆడితే బోనస్ అడగండి: ఫలానా మొత్తం దాటితే ఇంత, రెండో ముద్రణకి ఇంత. రాయల్టీలో శాతం కన్నా ఇలా అంకెతో రాసుకోవడమే నయం, వాళ్ళ లెక్కల పుస్తకం చూసే అవకాశం మీకు ఎలాగూ ఉండదు.

ఇండెమ్నిటీ క్లాజ్ చదవకుండా సంతకం పెట్టకండి. బొమ్మ ఎవరిదైనా కాపీ అని తేలితే నష్టమంతా మీరే భరించాలని అందులో ఉంటుంది. మీరు కాపీ కొట్టలేదని హామీ ఇవ్వండి, కానీ మీ బాధ్యత మీరు తీసుకున్న ఫీజుకి మించదని రాయించండి. వాళ్ళిచ్చిన రిఫరెన్స్ ఫోటోల వల్ల వచ్చే గొడవ వాళ్ళది.

6. ఏఐ గురించి రెండు వైపులా రాసుకోండి

2023 ఆగస్టులో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలోని కొన్ని బొమ్మలకి ఆర్టిస్టు ఏఐ వాడినట్టు బయటపడ్డాక ఆ గేమ్‌నీ మ్యాజిక్‌నీ తెచ్చే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ తన ఆర్టిస్టుల నియమాలు మార్చింది. 2024 జనవరిలో అదే కంపెనీ ఒక మ్యాజిక్ ప్రచార చిత్రంలో ఏఐ లేదని ముందు చెప్పి, కొన్ని భాగాలున్నాయని తర్వాత ఒప్పుకుంది. పాత్‌ఫైండర్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్ తెచ్చే పైజో 2023లోనే ఏఐ బొమ్మలు వద్దంది.

కాబట్టి పబ్లిషర్ మిమ్మల్ని ఏఐ వాడొద్దంటాడు, న్యాయమే. ఆ పక్కనే మీ వాక్యం పెట్టండి: నా బొమ్మల్ని ఏ ఏఐ మోడల్ శిక్షణకీ ఇవ్వకూడదు, నా స్టైల్‌ని అనుకరించే బొమ్మలు వాటితో చేయించకూడదు. గీసేటప్పుడు లేయర్ల ఫైల్, స్కెచ్‌లు, టైమ్‌లాప్స్ (గీస్తున్నప్పటి వీడియో) దాచుకోండి. ఈ రోజుల్లో చేత్తో గీసినదాన్ని కూడా ఏఐ అని నింద వేస్తున్నారు. అప్పుడు నోటితో వాదించే పని లేకుండా ఫైల్ తెరిచి చూపించొచ్చు.

7. బిల్లు, పన్ను

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉచితం, మొదటి పని మొదలవకముందే చేసుకోండి. అది ఉంటే భారతీయ పబ్లిషర్ మీకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని ఎంఎస్ఎంఈడీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి) చట్టం చెప్తుంది. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ.

బయటి దేశం నుంచి డబ్బొస్తే ప్రతిసారీ బ్యాంక్ నుంచి రెమిటెన్స్ పత్రం (విదేశం నుంచి డబ్బొచ్చిందనే రుజువు) తీసుకోండి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీ పనికి ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకి ఇచ్చే హామీపత్రం) పెడితే ఆ పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చు. అమెరికన్ క్లయింట్ డబ్ల్యూ-8బెన్ ఫారం అడిగితే కంగారు పడకండి, మీరు అమెరికా వాళ్ళు కాదని చెప్పే కాగితం అది. అయితే వచ్చేది గీసినందుకు ఫీజా, రాయల్టీనా అన్నదాన్ని బట్టి అక్కడ కోత మారుతుంది. సీఏని ఒకసారి అడిగి ఇన్‌వాయిస్‌లో ఆ మాట సరిగ్గా రాయండి.

8. డబ్బు రాకపోతే

గడువు దాటిన మర్నాడే మర్యాదగా ఒక మెయిల్. వారం తర్వాత ఇన్‌వాయిస్ నంబరు, కాంట్రాక్ట్ క్లాజ్ నంబరు రాసి ఇంకొకటి. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా దాన్ని మెయిల్‌లో "ఇందాక మనం అనుకున్నట్టు" అని రాసి పంపండి. మిగతా బొమ్మల పని ఆపేయండి. పాత బాకీ తీరకుండా కొత్త ఫైల్ పంపడం దయ కాదు.

పబ్లిషర్ ఇక్కడివాడైతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. బయటివాడైతే ఐదో భాగంలో చెప్పిన బలమైన వాక్యం ఇప్పుడు అక్కరకొస్తుంది. పూర్తి చెల్లింపు కాలేదు కాబట్టి హక్కులు ఇంకా మీవే. ఇండియా బెర్న్ ఒప్పందంలో (దేశాలు ఒకరి కాపీరైట్‌ని ఒకరు గుర్తించే ఒప్పందంలో) ఉంది, మీ కాపీరైట్ అక్కడా చెల్లుతుంది. కిక్‌స్టార్టర్, అమెజాన్, డ్రైవ్‌త్రూఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ పుస్తకాలు అమ్మే సైట్), అన్నిటికీ కాపీరైట్ ఉల్లంఘన నోటీసు పంపే ఫారాలున్నాయి. కాంట్రాక్ట్, ఇన్‌వాయిస్, తేదీలున్న ఒరిజినల్ ఫైళ్ళు జతచేసి, ముందు పబ్లిషర్‌కి ఏడు రోజుల గడువిచ్చి, అప్పటికీ కదలకపోతే నోటీసు పంపండి. గేమ్ అమ్మకాల మధ్యలో ఆ పేజీ ఆగిపోతుందంటే చాలామందికి డబ్బు దానంతటదే దొరుకుతుంది.

సోషల్ మీడియాలో పెట్టడం అన్నిటికన్నా చివర. పెట్టాల్సి వస్తే తేదీలు, మొత్తాలు, పంపిన మెయిళ్ళు మాత్రమే పెట్టండి, తిట్లు వద్దు. ఆ పోస్టు వాళ్ళ లాయర్ కూడా చదువుతాడు.